రోసాల్బా కర్రియేరా: వెనిస్ రూపచిత్రకారిణి జీవితం, కళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రోసాల్బా కర్రియేరా ఎవరు?

పద్దెనిమిదో శతాబ్ది తొలి సగంలో ఐరోపా రాజాస్థానాలన్నిటా పేరు మారుమోగిన వెనిస్ చిత్రకారిణి. 1673లో పుట్టి 1757లో కన్నుమూసింది. గోడల మీద, పైకప్పుల మీద పురాణగాథలను పెద్దపెద్ద చిత్రాలుగా వేసే పురుషులకే గొప్ప పేరు దక్కిన ఆ కాలంలో, ఒక మనిషి ముఖాన్ని మూరెడు కాగితం మీద రంగు పొడితో నిలిపే పని చేపట్టి వారందరికీ సమానమైన కీర్తి సంపాదించింది. మొదట ఏనుగు దంతపు పలకల మీద సూక్ష్మచిత్రాలు వేసింది. తర్వాత పాస్టెల్ కడ్డీలతో రూపచిత్రాలు గీసింది. వెనిస్‌కు వచ్చిన సంపన్న యాత్రికులు ఆమె ఎదుట కూర్చుని తమ రూపాన్ని గీయించుకోకుండా తిరిగి వెళ్లడం వెలితిగా భావించేవారు.

పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1673 అనీ, కొన్నిటిలో 1675 అనీ కనిపిస్తుంది. ఏది సరైనది?

1673. పాత జీవితచరిత్రల్లో 1675 అని పడిన అంకె చాలాకాలం అలాగే నకలవుతూ వచ్చింది. ఇప్పుడు ప్రదర్శనశాలలు, పరిశోధకులు 1673 జనవరినే అంగీకరిస్తున్నారు. 2023లో ఆమె మూడువందల యాభయ్యో జయంతిని జరిపింది కూడా ఆ లెక్క ప్రకారమే.

ఆమె కుటుంబం ఎటువంటిది? చిత్రకారుల ఇంట్లో పుట్టిందా?

లేదు, ఆ సంగతి గమనించదగినది. ఇటలీలో అంతకు ముందు పేరు తెచ్చుకున్న చిత్రకారిణుల్లో చాలామందికి తండ్రే గురువు. బొలోన్యాకు చెందిన లవీనియా ఫొంతానా, రోముకు చెందిన అర్తెమీజ్యా జెంతిలెస్కి ఇద్దరూ అలా తండ్రి పనిశాలలో చేయి తిరిగినవారే. రోసాల్బా తండ్రి అంద్రేయా కర్రియేరా ప్రభుత్వ కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి అల్బా ఫొరేస్తి లేసు అల్లేది. మనుషులను కలుపుకుని పోయే పెద్ద పనిశాల గాని, తాతతండ్రుల నాటి పరిచయాలు గాని ఆ ఇంట్లో లేవు. ముగ్గురు ఆడపిల్లల్లో రోసాల్బా పెద్దది. జొవాన్న, ఆంజెలా ఆమె చెల్లెళ్లు. ఆంజెలా 1704లో జొవాన్ని అంతోనియో పెల్లెగ్రీని అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. ఐరోపా దేశాలన్నీ తిరుగుతూ భవనాలను చిత్రాలతో అలంకరించిన ఆ మరిది వల్ల రోసాల్బాకు విదేశాల్లో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి.

తండ్రి సంపాదన పరిమితమైనా పిల్లల చదువుకు లోటు రానివ్వలేదు. రోసాల్బాకు ఫ్రెంచి భాష వచ్చు, సంగీతం వచ్చు, ఉత్తరాలు చక్కగా రాయడం వచ్చు. రాజులతో, రాయబారులతో, కళాసేకర్తలతో మధ్యవర్తి లేకుండా తానే ఉత్తర ప్రత్యుత్తరాలు నడపగలగడం ఆమె వృత్తికి కుంచె ఎంత అవసరమో అంత అవసరమైంది. ఆమె ఉత్తరాలు, చిత్తుప్రతులు, డైరీలు పెద్ద సంఖ్యలో భద్రంగా మిగిలాయి. ఆ శతాబ్దికి చెందిన మరే ఇటాలియన్ చిత్రకారిణి గురించీ మనకు ఇంత దగ్గరగా తెలియదు.

పొడుము డబ్బాల మీద బొమ్మలు వేస్తూ వృత్తి మొదలుపెట్టిందని అంటారు. నిజమేనా?

ఆమె పోయిన తర్వాత వ్యాపించిన కథ ఇలా ఉంది: చిన్నతనంలో తల్లి అల్లే లేసుకు నమూనాలు గీసి ఇచ్చేదట. ఆ లేసుకు గిరాకీ తగ్గాక, ఊరంతా కొత్తగా అలవాటు పడుతున్న ముక్కుపొడుము డబ్బాల మూతల లోపలి వైపు అతికించే చిన్న బొమ్మలు వేయడానికి మళ్లిందట. లేసు నమూనాల మాటకు గట్టి ఆధారం కనబడదు గాని, డబ్బాల బొమ్మల మాట నిజమే. అప్పటి పెద్దమనిషికి పొడుము డబ్బా అలంకారం, హోదాకు గుర్తు. మూత తెరిచినప్పుడు లోపల ఒక అందమైన స్త్రీ ముఖం కనిపిస్తే దాని విలువ మరింత పెరిగేది.

సూక్ష్మచిత్రాలను అంతవరకు దూడ చర్మంతో చేసిన పలుచని పత్రం మీద వేసేవారు. రోసాల్బా వాటిని ఏనుగు దంతపు పలక మీద వేసింది. ఆ పద్ధతిని పట్టుకున్న తొలి చిత్రకారుల్లో ఆమె ఒకతె, దానికి ఐరోపాలో ఆదరణ తెచ్చింది కూడా ఆమే. దంతం నీటిని పీల్చుకోదు; అందువల్ల రంగు జారిపోతుంది, చేయి అదుపులో లేకపోతే బొమ్మ పాడవుతుంది. అయితే దంతానికి సహజంగా ఉండే లేత మెరుపు చర్మపు ఛాయకు చాలా దగ్గర. ముఖం, మెడ, చేతులు ఉన్నచోట పలుచని నీటి రంగును అతి తేలికగా పూసి, కింది దంతం రంగే మేని ఛాయగా పైకి తొంగిచూసేలా వదిలేసేది. బట్టలకు, నేపథ్యానికి మాత్రం దట్టమైన రంగు వాడేది. పాస్టెల్ చిత్రాల్లో ఆమెకు ఆ తర్వాత పేరు తెచ్చిన చర్మపు కాంతి రహస్యమంతా ఈ చిన్న పలకల మీద నేర్చుకున్నదే.

తొలి గుర్తింపు ఎప్పుడు వచ్చింది?

1705లో. రోములోని సెయింట్ లూక్ అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆమె మిత్రుడు, కళాభిమాని అయిన క్రిస్టియన్ కోల్ అనే ఆంగ్లేయుడు ఇందుకు కృషి చేశాడు. ప్రవేశానికి ఆమె సమర్పించిన చిత్రం, పావురాన్ని పట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ, దంతం మీద వేసిన సూక్ష్మచిత్రం. చరిత్ర ఘట్టాలను పెద్ద కాన్వాసుల మీద వేసేవారికి పీట వేసే సంస్థ, అరచేతిలో ఇమిడే చిత్రాన్ని చూసి ఒక స్త్రీని చేర్చుకుంది.

పాస్టెల్ అంటే ఏమిటి? ఆమె దానితో చేసిన కొత్త పని ఏమిటి?

రంగు పొడిని, తెల్లని సుద్ద వంటి పొడిని అతి కొద్ది జిగురుతో కలిపి, ముద్దచేసి, కడ్డీలుగా చుట్టి ఆరబెడితే పాస్టెల్ తయారవుతుంది. జిగురు ఎక్కువైతే కడ్డీ గట్టిపడి కాగితాన్ని గీరుతుంది, తక్కువైతే చేతిలోనే పొడి అవుతుంది. తైలవర్ణంలా ఆరడానికి రోజుల తరబడి ఆగనక్కరలేదు. బొమ్మకు కూర్చున్న మనిషికి తైలం వాసన భరించే బాధ లేదు. మధ్యలో పని ఆపి మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. అయితే పలకల మీద రంగులు కలుపుకునే వీలు లేదు కనుక, కావలసిన ప్రతి ఛాయకూ వేరే కడ్డీ చేతికి అందేలా ఉండాలి.

పాస్టెల్‌ను ఆమె కనిపెట్టిందని కొందరు రాస్తారు, అది పొరపాటు. పదహారో శతాబ్దిలోనే వెనిస్ ప్రాంతపు యాకొపొ బస్సానొ రంగు సుద్దలతో చిత్తు బొమ్మలు వేసేవాడు. ఫ్రాన్సులో జోసెఫ్ వివియెన్ 1701లోనే పాస్టెల్ చిత్రకారుడిగా రాచరికపు అకాడమీలో సభ్యత్వం పొందాడు. వివియెన్ పాస్టెల్‌ను తైలవర్ణంలా నునుపుగా, బరువుగా వాడాడు. రోసాల్బా అందుకు విరుద్ధంగా, పొడి పొడిగా కనబడడమే ఆ మాధ్యమం సొగసు అని గ్రహించింది. ఆమె చేసిన కొత్త పని ఇదేనని నా అభిప్రాయం.

ఆమె చిత్రాన్ని దగ్గరగా చూస్తే ఆ పనితీరు తెలుస్తుంది. ఆధారం నీలి రంగు కాగితం. నీలి గుడ్డ పీలికలతో తయారైన ఆ కాగితం మీద బొమ్మలు గీయడం వెనిస్‌లో పదిహేనో శతాబ్ది చివరి నుంచీ ఉన్న అలవాటే. ముఖం దగ్గర రంగును వేలితో మృదువుగా రుద్ది, ఒక ఛాయ ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా చేస్తుంది. అక్కడక్కడ కింది నీలిరంగే కణత దగ్గరి నీడగా ఉపయోగపడుతుంది. మెడ కిందికి వచ్చేసరికి చేయి తీరే మారిపోతుంది: తెల్లని కడ్డీని అడ్డంగా పడుకోబెట్టి ఒక్క ఊపున లాగితే, కాగితపు గరుకుదనానికి రంగు అక్కడక్కడ అంటుకుని, అక్కడక్కడ తప్పిపోయి, పలుచని లేసు దానంతటదే ఏర్పడుతుంది. పక్కనే ఆ లేసు అంచులోని మెలికలను కడ్డీ కొసతో చుక్కలు చుక్కలుగా పెడుతుంది. ముత్యం మీది మెరుపుకు ఒకే ఒక తెల్ల చుక్క, దాన్ని రుద్దదు. కొన్ని చోట్ల కడ్డీని నూరి తడిపి కుంచెతో పూసిన ఆనవాళ్లు కూడా ఉన్నాయి.

ఇన్ని సుగుణాలున్న పాస్టెల్‌కు ఒక పెద్ద లోపం ఉంది. రంగు కాగితంలోకి ఇంకదు, నేల మీద ముగ్గులా పైపైనే ఉంటుంది; తగిలితే చెరిగిపోతుంది, కుదిపితే రాలిపోతుంది. అందుకే ప్రతి చిత్రానికీ అద్దం తప్పనిసరి. ఆ రోజుల్లో పెద్ద అద్దపు పలక ఖరీదైనది, పైగా ప్రయాణంలో పగిలితే చిత్రం కూడా పాడవుతుంది. ఆమె రూపచిత్రాలు చాలావరకు అర మీటరుకు కొంచెం అటూ ఇటూ ఎత్తు మాత్రమే ఉండడానికి ఇదీ ఒక కారణం. ఆమె పంపిన కొన్ని చిత్రాల వెనక దాచిన చిన్న భక్తి చిత్రాలు బయటపడ్డాయి. పగలకుండా చేరాలన్న ప్రార్థన కాబోలు.

ఆమెతో చిత్రాలు వేయించుకున్నవారు ఎవరు?

జాబితా పొడవుగా ఉంటుంది, ముఖ్యులతో సరిపెడదాం. డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్ 1708–09 శీతకాలంలో వెనిస్‌లో విడిది చేసినప్పుడు ఆమె ఎదుట కూర్చున్నాడు. అంతటితో ఆగక వెనిస్ అందగత్తెల రూపచిత్రాలు కూడా వేసి ఇమ్మన్నాడు. డ్యూసెల్‌డార్ఫ్‌లో కొలువున్న పాలటినేట్ పాలకుడు యోహాన్ విల్హెల్మ్ తన ఆస్థానానికి రమ్మని పిలిచాడు, ఆమె వెళ్లలేదు. సాక్సనీ యువరాజు ఆగస్టస్ వెనిస్ వచ్చినప్పుడు ఆమెతో తన రూపచిత్రం గీయించుకున్నాడు; ఆయన సంగతి కింద వేరుగా ఉంది.

వీరికి తోడు, చదువు ముగించుకుని ఖండమంతా తిరిగి ఇటలీ చూసి వెళ్లే ఆంగ్ల ప్రభువుల కుమారులు. వెనిస్ కార్నివాల్ వేషం, మూడు మూలల టోపీ, పైకెత్తిన తెల్ల ముసుగుతో రోసాల్బా గీసిన కుర్ర దొరలు బ్రిటిష్ సేకరణల్లో చాలామంది కనిపిస్తారు. వారిలో ఐర్లండుకు చెందిన బోయిన్ ప్రభువు చిత్రం ప్రసిద్ధం. బ్రిటిష్ ప్రధాని కుమారుడు హొరేస్ వాల్‌పోల్ కూడా 1741 ప్రాంతంలో ఆమె ఎదుట కూర్చున్నాడు. వెనిస్‌లో స్థిరపడిన ఆంగ్ల వర్తకుడు జోసెఫ్ స్మిత్ ఇలాంటి వారికీ ఆమెకూ మధ్య వారధి, స్వయంగా పెద్ద సేకర్త కూడా.

చిత్రం కావలసినవారు గ్రాండ్ కెనాల్ ఒడ్డున, సాన్ వియో పేటలో ఉన్న ఆమె ఇంటికే రావాలి. పొరుగున ఉన్న స్థలంలోనే ఇప్పుడు పెగ్గీ గుగ్గెన్‌హైమ్ సేకరణ అనే ఆధునిక కళా ప్రదర్శనశాల ఉంది.

పారిస్‌కు ఎందుకు వెళ్లింది? అక్కడ ఏం జరిగింది?

ఊరు దాటడం పెద్దగా ఇష్టంలేని రోసాల్బా జీవితంలో ఇది అతి ముఖ్యమైన ప్రయాణం. పారిస్ ధనికుడు, కళాసేకర్త పియెర్ క్రొజా వెనిస్ వచ్చినప్పుడు ఆమెను కలిశాడు. అప్పటి నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి రమ్మని పోరు పెట్టాడు. 1719లో తండ్రి పోయాడు. మరుసటి సంవత్సరం, 1720 వసంతంలో, తల్లిని, ఇద్దరు చెల్లెళ్లను వెంటబెట్టుకుని వెళ్లి రిషెల్యూ వీధిలోని క్రొజా భవనంలో దిగింది. సరిగ్గా అప్పుడే మరిది పెల్లెగ్రీనికి, జాన్ లా అనే స్కాట్లండు ఆర్థికవేత్త నడుపుతున్న రాచరికపు బ్యాంకు భవనంలో పైకప్పు మీద చిత్రం వేసే పని కుదిరింది.

ఆ ఏడాది పారిస్‌లో డబ్బు నీళ్లలా పారుతోంది. జాన్ లా మిసిసిపీ కంపెనీ వాటాల ధరలు ఆకాశాన్నంటి, ఆమె అక్కడ ఉండగానే కుప్పకూలాయి. డిసెంబరులో లా దేశం విడిచి పారిపోయాడు. లా కొడుకును, కూతురును రోసాల్బా గీసింది. బ్యాంకులో పెల్లెగ్రీని వేసిన పైకప్పు చిత్రం కొన్నాళ్లకే నాశనమైంది. అదే గాలివానలో రోసాల్బా చిన్న కాగితాల మీద వేసిన ముఖాలు నిలిచాయి.

పారిస్‌లో ఉన్నన్నాళ్లూ ఆమె డైరీ రాసింది. మనసులోని మాటలు అందులో దాదాపు ఉండవు: ఎవరు వచ్చారు, ఎవరి బొమ్మ మొదలుపెట్టింది, ఎంత ముట్టింది, ఎక్కడికి వెళ్లింది, అంతే. అయితే ఆ పొడి మాటల మధ్య అప్పుడప్పుడు ఒక దృశ్యం మెరుస్తుంది. పదేళ్ల రాజు పదిహేనవ లూయీ బొమ్మకు కూర్చున్న రోజున ఆ పిల్లవాడికి మూడు చిన్న ప్రమాదాలు జరిగాయని రాసుకుంది: తుపాకి కింద పడింది, చిలుక చచ్చిపోయింది, బుజ్జి కుక్కకు జబ్బు చేసింది. ఆ చిత్రం కొన్ని పుస్తకాల్లో యువరాజు చిత్రంగా అచ్చయింది గాని, 1715 నుంచే లూయీ రాజు. బొమ్మలో కనిపించేది అప్పటికే రాజైన పిల్లవాడే. ఈ డైరీని 1793లో జొవాన్ని వియనెల్లి అచ్చు వేయించాడు.

చిత్రకారుడు ఆంత్వాన్ వాతోను ఆమె కలిసింది కూడా అప్పుడే. క్షయ ముదిరి ఉన్న వాతో రూపాన్ని 1721లో పాస్టెల్‌తో గీసింది; అదే సంవత్సరం జూలైలో అతను మరణించాడు. ఇటలీలోని ట్రెవీజో పట్టణపు ప్రదర్శనశాలలో వాతో రూపచిత్రంగా భావించే పాస్టెల్ ఉంది.

1721 మార్చిలో పారిస్ వదిలి వెనిస్ చేరింది. మళ్లీ ఫ్రాన్సు వెళ్లలేదు. ఆమె వెనక అక్కడ పాస్టెల్ మోజు మిగిలిపోయింది. రానున్న తరంలో మోరీస్ కాంతెన్ ద లా తూర్, పెరోనో వంటి పాస్టెల్ చిత్రకారులు ఎదిగింది ఆ మోజు నీడలోనే.

ఫ్రెంచి రాచరికపు అకాడమీ ఒక స్త్రీని, పైగా విదేశీయురాలిని ఎలా చేర్చుకుంది?

మినహాయింపుగా. 1663లో కాత్రిన్ దుషెమెన్‌తో మొదలుపెట్టి ఆ అకాడమీ కొందరు స్త్రీలను చేర్చుకున్నా, 1706లో ఇక ముందు స్త్రీలను తీసుకోరాదని తీర్మానించింది. 1720 అక్టోబరు 26న అధ్యక్షుడు ఆంత్వాన్ క్వాపెల్ ప్రతిపాదనతో రోసాల్బాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అయితే ఇది మరొకరికి దారి చూపే నిర్ణయం కాదని కూడా నమోదు చేసుకున్నారు. ఆమెను గౌరవించడం, తలుపు మళ్లీ మూసేయడం ఒకే రోజు జరిగాయన్నమాట. 1770లో నియమం మరో రూపం దాల్చింది: ఒకే సమయంలో నలుగురికి మించి స్త్రీలు ఉండరాదన్నారు.

కొత్త సభ్యులు సమర్పించవలసిన చిత్రాన్ని ఆమె వెనిస్ చేరాక వేసి పంపింది. గ్రీకు దేవుడు అపోలో పరివారంలోని ఒక అప్సరస, చేతిలో లారెల్ ఆకుల కిరీటం; ఆ కిరీటాన్ని అకాడమీకి అందిస్తోందని క్వాపెల్‌కు రాసిన ఉత్తరంలో వివరించింది. ఆ చిత్రం ఇప్పుడు లూవ్ర్ సేకరణలో ఉంది.

పారిస్ తర్వాత ఎక్కడికైనా వెళ్లిందా?

1723లో మోడెనాకు వెళ్లింది. అక్కడి ప్రభువు రినాల్దొ ద ఎస్తెకు పెళ్లి కావలసిన కూతుళ్లు ముగ్గురు. వారి రూపచిత్రాలను ఒక్కొక్కరివి పలు ప్రతులుగా గీయించి ఐరోపా ఆస్థానాలకు పంపించారు. పెళ్లిచూపులకు ఫొటో పంపే అలవాటు మనకు కొత్తది కాదు గనుక ఈ పనిలోని ఇబ్బంది తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు: అమ్మాయి అందంగా కనబడాలి, రేపు ఎదురుపడ్డప్పుడు గుర్తుపట్టేలాగానూ ఉండాలి. వారిలో ఎన్రిచెత్తాకు 1728లో పార్మా ప్రభువుతో వివాహమైంది.

1730లో వియన్నాలో చక్రవర్తి ఆరవ చార్లెస్ కొలువులో కొన్ని నెలలు పనిచేసింది. మాజీ మహారాణి విల్హెల్మీనా అమాలియాను, ఆ ఏడే ఆస్థానకవిగా వచ్చిన పియెత్రో మెతాస్తాజియోను గీసింది. తర్వాత ఊరు కదలలేదు.

డ్రెస్డెన్‌లో ఆమె చిత్రాలు అన్ని ఎలా చేరాయి?

డ్రెస్డెన్ రాజధానిగా జర్మనీలోని సాక్సనీని ఏలిన, పోలండు రాజు కూడా అయిన మూడవ ఆగస్టస్ పిచ్చి అభిమానం వల్ల. యువరాజుగా వెనిస్‌లో ఆమెకు బొమ్మకు కూర్చున్నది మొదలు, దశాబ్దాల పాటు ఆమె చిత్రాలను ఒకటొకటిగా, గుత్తగుత్తలుగా కొంటూనే ఉన్నాడు. ఆయన అత్తగారు పైన చెప్పిన విల్హెల్మీనా అమాలియాయే. నూటయాభైకి పైగా పాస్టెల్ చిత్రాలతో డ్రెస్డెన్ చిత్రశాలలో ఒక గది మొత్తం రోసాల్బాకే కేటాయించారు. నాలుగు ఋతువులు, ఐరోపా చెప్పుకునే నాలుగు మూలకాలు, వెనిస్ కులీన స్త్రీలు, గాయని ఫౌస్తీనా బొర్దోని, వీరంతా ఆ గోడల మీద చేరారు. ఇరవయ్యో శతాబ్దిలో కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. అయినా డెబ్బైకి పైగా అక్కడే మిగిలాయి. ప్రపంచంలో ఇంకెక్కడా ఆమె చిత్రాలు ఇన్ని ఒకేచోట లేవు.

ఆ చిత్రశాల గురించే ఇంకో ముచ్చట. చాక్లెట్ పళ్లెంతో నడిచి వస్తున్న పనిపిల్లను స్విట్జర్లండు చిత్రకారుడు లియోతార్ పాస్టెల్‌తో గీశాడు. ఆగస్టస్ కోసం ఫ్రాంచెస్కో అల్గరొత్తి దాన్ని వెనిస్‌లో కొన్నప్పుడు, తాము చూసిన పాస్టెల్ చిత్రాలన్నిటిలోకీ ఇదే అందమైనదని వెనిస్ చిత్రకారులతో పాటు రోసాల్బా కూడా మెచ్చుకుందని అల్గరొత్తి రాశాడు. లియోతార్ గీత నునుపు, తేటదనం ఆమె పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. తనకంటే దాదాపు ముప్పై ఏళ్లు చిన్నవాడి పని గురించి ఆమె అన్న మాట అది.

ఆమె గీసిన ముఖాలన్నీ ఒకేలా ఉంటాయన్న విమర్శ సరైనదేనా?

కొంతవరకు సరైనదే. ఋతువులుగా, దేవతలుగా గీసిన యువతులను వరసగా చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటారు: ఒక వైపు వాలిన తల, కొద్దిగా తడిసినట్టున్న పెదవులు, ఒక భుజం నుంచి జారిన వస్త్రం. గిరాకీ ఉన్న సరుకు అది, ఆమె అమ్మింది. నిజమైన వ్యక్తులను గీసినవి వేరు. వాతో ముఖంలోని అలసట, వయసు మళ్లిన వెనిస్ దొరసాని గడ్డం కింది మడత, కుర్ర ఆంగ్లేయుడి మొహంలోని గర్వంతో కూడిన బెరుకు, ఇవన్నీ ఆమె దాచకుండానే, నొప్పించకుండా చూపింది. ఈ రెండు రకాల చిత్రాలనూ కలగలిపి తీర్పు చెప్పేవారు ఆమెకు అన్యాయం చేస్తున్నారనుకుంటాను.

స్వీయచిత్రాల గురించి ప్రత్యేకంగా ఎందుకు చెబుతారు?

డబ్బిచ్చేవారి పట్ల చూపిన దాక్షిణ్యం ఆమె తన పట్ల చూపుకోలేదు కాబట్టి. చిత్రకారుల స్వీయచిత్రాలను సేకరించే ఫ్లోరెన్సు మెదీచీ పాలకుల కోసం గీసిన చిత్రం ఉఫిజి ప్రదర్శనశాలలో ఉంది. అందులో ఆమె చేతిలో పాస్టెల్ కడ్డీ, పక్కన తాను అప్పుడే గీస్తున్న చెల్లెలి రూపచిత్రం. చిత్రకారిణి అనగానే అందమైన స్త్రీ అన్న అర్థం తీసే కాలంలో, వెడల్పాటి ముక్కు, దళసరి పెదవులు ఉన్నవున్నట్టే పెట్టి, మన వైపు సూటిగా చూస్తుంది. పక్కన ఉన్న చెల్లెలి ముఖం ఆమె ముఖం కంటే మెత్తగా, సొగసుగా ఉంటుంది. కావాలనే అలా గీసిందనిపిస్తుంది.

డ్రెస్డెన్‌లోని మరో స్వీయచిత్రంలో తనను తాను శీతకాలంగా వేసుకుంది, బొచ్చు అంచుల వస్త్రంలో. ఇతరుల కోసం గీసిన శీతకాలాలు నవయౌవనంతో మెరుస్తుంటే, ఇక్కడ దాదాపు అరవయ్యేళ్ల స్త్రీ నిలబడింది. 1740ల మధ్యలో గీసిన వృద్ధాప్యపు చిత్రం బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉంది. మూడవ జార్జి 1762లో జోసెఫ్ స్మిత్ సేకరణను మొత్తంగా కొన్నప్పుడు అదీ ఇంగ్లండు చేరింది. బిగించిన పెదవులు, నెరిసిన జుట్టు, బరువెక్కిన కనురెప్పలు.

చివరిది వెనిస్‌లోని అకాడమీ చిత్రశాలలో ఉంది. తల మీద ఆకుల కిరీటం, గోధుమ రంగు వస్త్రం, నగలేవీ లేవు. ఇదేమిటని అడిగితే, ఇది విషాదనాటక రూపమనీ, రోసాల్బా జీవితం విషాదంగానే ముగుస్తుందనీ ఆమె బదులిచ్చినట్టు మిత్రుడు జనెత్తి చెప్పిన మాట ప్రచారంలో ఉంది. అప్పటికే చూపు మసకబారుతోంది.

పనిలో ఎవరైనా సాయపడేవారా? శిష్యులున్నారా?

చెల్లెలు జొవాన్న జీవితాంతం తోడుగా ఉండి, బట్టలూ నేపథ్యాలూ పూర్తిచేయడంలో, సూక్ష్మచిత్రాలకు ప్రతులు తీయడంలో సాయపడింది. శిష్యురాళ్లలో ఫెలీచితా సర్తోరి పేరు ముఖ్యం. రోసాల్బా ఇంట్లోనే ఉండి నేర్చుకుని, తర్వాత డ్రెస్డెన్ ఆస్థానానికి వెళ్లి అక్కడ సూక్ష్మచిత్రకారిణిగా స్థిరపడింది. నగరదృశ్యాలు వేసే లూకా కర్లెవారిస్ కూతురు మరియాన్న కూడా ఇక్కడే నేర్చుకుంది. అందువల్లే రోసాల్బా పేరుతో చలామణి అయ్యే చిత్రాలన్నీ ఆమె చేతివి కావు.

పెళ్లి చేసుకుందా?

లేదు. ఇంటికి పెద్ద కూతురుగా, సంపాదనాపరురాలిగా తల్లినీ జొవాన్ననూ తన దగ్గరే ఉంచుకుంది.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1737లో జొవాన్న మరణం ఆమెను కుంగదీసింది. కొన్నాళ్లు కడ్డీ పట్టలేదు. 1741లో పెల్లెగ్రీని పోయాక ఆంజెలా అక్క దగ్గరికి వచ్చి చేరింది. 1746 ప్రాంతంలో శుక్లాలతో చూపు పోసాగింది. 1749లో శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ రోజుల్లో మత్తుమందు లేదు. కంటిలోకి సన్నని సూదిని పొడిచి, మసకబారిన కటకాన్ని పక్కకు నెట్టేవారు. చూపు కొంత తిరిగి వచ్చి, మళ్లీ పోయింది. ఛాయకు ఛాయకు మధ్య వెంట్రుకవాసి తేడాను పట్టుకోవడమే వృత్తిగా బతికిన మనిషి చివరి ఏళ్లు పూర్తి చీకటిలో గడిపింది. 1757 ఏప్రిల్ 15న తన ఇంట్లోనే కన్నుమూసింది. పేటలోని సాన్ వియో చర్చిలో ఖననం చేశారు. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఆ చర్చిని కూల్చివేశారు.

ఇంత పేరున్న చిత్రకారిణి గురించి చాలామందికి ఎందుకు తెలియదు?

ఫ్రెంచి విప్లవంతో ఆ రాచ అభిరుచే తెల్లారిపోయింది. లేత రంగులు, జారిన వస్త్రాలు పనికిమాలిన విలాసంగా కనిపించసాగాయి. మాధ్యమం కూడా ఆమెకు అనుకూలించలేదు: తైలవర్ణ చిత్రాలు ఏళ్ల తరబడి గోడ మీద ఉండి కళ్లకు అలవాటవుతాయి, పాస్టెల్ చిత్రాలు నిల్వగదుల్లోనే ఎక్కువ కాలం ఉంటాయి. స్త్రీ చేతి పనీ, సుకుమారమైన పొడి రంగూ ఒకచోట చేరేసరికి, దాన్ని ఆడవాళ్ల కాలక్షేపంగా కొట్టిపారేయడం పందొమ్మిదో శతాబ్ది విమర్శకులకు సులువైంది. పాస్టెల్‌లో ఆమె బాటలో నడిచిన పురుషుల గురించి మాత్రం అలా అనలేదు.

ఇప్పుడు ఆమె చిత్రాలను ఎక్కడ చూడవచ్చు?

డ్రెస్డెన్‌లోని ప్రాచీన చిత్రకారుల చిత్రశాల మొదటి చిరునామా; 2023 వేసవిలో అక్కడ ఆమెకు ప్రత్యేక ప్రదర్శన జరిపారు. వెనిస్ వెళ్లేవారు అకాడమీ చిత్రశాలనూ, గ్రాండ్ కెనాల్ మీదనే ఉన్న కా రెజ్జోనికో ప్రదర్శనశాలనూ చూడాలి. ఫ్లోరెన్సులో ఉఫిజి, పారిస్‌లో లూవ్ర్, అమెరికాలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, లాస్ ఏంజెలెస్ గెట్టీ మ్యూజియంలలో కూడా ఆమె చిత్రాలున్నాయి. అమెరికాలోని తెలుగువారికి బహుశా గెట్టీలోని కావ్యదేవత చిత్రమో, మెట్రోపాలిటన్‌లోని బోయిన్ ప్రభువో దగ్గర.

ఒక జాగ్రత్త. వెలుతురు తగిలితే నీలి కాగితం వెలిసిపోతుంది కనుక పాస్టెల్ చిత్రాలను మందమైన దీపాల కింద, కొన్ని నెలలు మాత్రమే ప్రదర్శించి మళ్లీ లోపల పెడతారు. అదురుకు రంగు రాలుతుందని ఇతర ఊళ్ల ప్రదర్శనలకు పంపడానికీ వెనకాడతారు. సేకరణలో ఉన్నంత మాత్రాన గోడ మీద ఉంటుందని చెప్పలేం. అందువల్ల బయలుదేరే ముందు ప్రదర్శనశాల వెబ్‌సైట్‌లో ఆ చిత్రం ప్రస్తుతం ప్రదర్శనలో ఉందో లేదో చూసుకోవాలి. గదిలోకి వెళ్లాక కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడేవరకు ఒకటి రెండు నిమిషాలు ఆగి, అద్దం మీద సొంత నీడ పడకుండా కొంచెం పక్కకు జరిగి చూస్తే, లేసు మీద కడ్డీని అడ్డంగా లాగిన చోటు కనబడుతుంది.